శని ఉంగరానికి ఊరు దాటనక్కర్లేదు

బెంగళూరులో కొత్తగా టెలిస్కోపు కొన్నవాళ్లకు అందరూ చెప్పే మొదటి మాట, ఊరు దాటి వెళ్లమని. శనివారం సాయంత్రం కారెక్కి చీకటి ఉన్న చోటికి పోతే తప్ప లాభం లేదంటారు. పాలపుంత కోసమైతే ఆ మాటకు తిరుగు లేదు. ఇంత వెలుగు నింగికెక్కిన ఊళ్లో నెబ్యులాలు, గెలాక్సీలు వెతకడం దండగ. అదే సలహా చంద్రుడికీ గ్రహాలకూ అంటగట్టడం మాత్రం తప్పు. వాటిని చూడడానికీ ఫొటో తీయడానికీ బెంగళూరు సర్దుకుపోవాల్సిన చోటు కాదు, ఏరికోరి ఎంచుకోదగ్గ చోటు. ఏలినాటి శని ఎప్పుడు పట్టి ఎప్పుడు వదులుతుందో నోటిలెక్కగా చెప్పగల తెలుగిళ్లు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి. ఆ శని ఉంగరాన్ని కళ్లారా చూసినవాళ్లు వాటిలో ఎందరో మరి!

గ్రహాలు ఎండ పడి మెరిసేవి. గురుడి మీది పట్టీలను పట్టుకోవడానికి ఒక్కో ఫ్రేముకు సెకనులో నూరో వంతు చాలు. అంతలో కెమెరా సెన్సరు మీద పడే నగరపు వెలుగు లెక్కలోకి రాదు. అసలు అడ్డం గాలి. వేడి పెనం మీదుగా చూస్తే అవతలి గోడ వణికినట్టు, వేడీ చల్లనీ కలబడుతున్న గాలిలోంచి చూస్తే గ్రహం అంచు కుదురుగా ఉండదు. ఈ కుదురుకే ఈ పనిలో ఉన్నవాళ్లు సీయింగ్ అని పేరు పెట్టారు. అందుకే ఎవరూ ఒక్క ఫొటోతో సరిపెట్టుకోరు, వీడియో తీస్తారు. రెండు మూడు నిమిషాల్లో వేల ఫ్రేములు పడతాయి. గాలి రెప్పపాటు నిలిచినప్పుడు పడ్డవాటిని ఆటోస్టాకర్ట్ లాంటి సాఫ్ట్‌వేరు ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. ఇంకాసేపు తీద్దామంటే గురుడు ఆగడు. పది గంటల్లోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు కనుక మచ్చలు అలుక్కుపోతాయి. ఇంత తతంగంలో వీధిదీపం చెడగొట్టేది ఏమీ లేదు.

గాలే అడ్డమైనప్పుడు ఎంత తక్కువ గాలిలోంచి చూస్తే అంత మంచిది. ఇక్కడే బెంగళూరు గెలుస్తుంది. ఏటా ఏప్రిల్ 24 ప్రాంతాన ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతాన మరోసారి ఈ ఊళ్లో మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడ పడదు. గ్రహాలు నడిచేదీ దాదాపు సూర్యుడి దారిలోనే. కాబట్టి నీడ లేని రోజున్న ఊళ్లో గ్రహాలూ నడినెత్తి మీదుగానో, దానికి దగ్గరగానో వెళ్తాయి. 2018లో శని దక్షిణాన బాగా దిగి ఉన్నప్పుడు లండన్‌లో 16 డిగ్రీలు మించి ఎత్తు ఎక్కలేదు; బెంగళూరులో 54 డిగ్రీలు ఎక్కాడు. గ్రహాల ఫొటోలకు పేరుపొందిన ఇంగ్లండు ఫొటోగ్రాఫర్ డామియన్ పీచ్ టెలిస్కోపు మోసుకుని పదేపదే బార్బడోస్ ద్వీపానికి వెళ్లింది ఇందుకే. బార్బడోస్ అక్షాంశం 13 డిగ్రీలు. బెంగళూరుదీ అంతే. హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీ నీడన పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు అబ్జర్వేటరీ కోసం ఎంచుకున్న తమిళనాడులోని కావలూరు కూడా ఈ అక్షాంశానికి పక్కనే ఉంది. 1977లో యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డు వచ్చినప్పుడు, ఆ గ్రహం ఉంగరాలను బయటపెట్టిన కొలతల్లో కావలూరు ఒక మీటరు టెలిస్కోపు తీసినవీ ఉన్నాయి.

అక్షాంశం ఒక్కటే చాలదని అనేవాళ్లున్నారు. నిజమే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు, ఆపైన ఈశాన్య రుతుపవనం. వానాకాలంలో ద్వీపకల్పం మీదుగా చాలా ఎత్తున తూర్పు జెట్ గాలి కూడా ఉరుకుతుంది. అయితే చలికాలంలో ఉత్తరాదిని సతాయించే పడమటి జెట్ గాలి మనకు చాలా దూరం, మనకు ఆకాశం తెరిపి ఇచ్చేదీ అప్పుడే. మనం చేజేతులా తెచ్చుకున్న బెడద వేరే ఉంది, కాంక్రీటు. పగలంతా కాగిన డాబా రాత్రి వేడిని వదులుతూనే ఉంటుంది. దీపాల మీద పెట్టే నింద దాని మీద పెట్టాలి. తెల్లవారుజామున డాబా మీద గురుడు నిలకడగా కనబడేది స్లాబు చల్లారినందువల్లే. గడ్డి ఉన్న నేల ఇంకా మేలు, కానీ పార్కులకు రాత్రిపూట తాళం.

అంతరిక్ష నౌకలు దగ్గరికెళ్లి తీసిన ఫొటోలుండగా డాబా మీది తంటా ఎందుకన్నది మరో అభ్యంతరం. నౌకలు గురుణ్ని రాత్రీ పగలూ కాపలా కాయవు. 2006 ఫిబ్రవరిలో గురుడి మీది ఓవల్ బీఏ అనే తెల్ల తుపాను ఎర్రబడిందని కనిపెట్టిన క్రిస్టఫర్ గో ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరవాసి. 11 అంగుళాల టెలిస్కోపుతో 10 డిగ్రీల అక్షాంశం నుంచి చూశారు. 2009 జులై 19న గురుణ్ని ఏదో ఢీకొనగా పడ్డ నల్లమచ్చను మొదట చూసింది ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు అటు తిరిగింది ఆ తర్వాతే. కంప్యూటరులో గీకి పదును పెట్టిన బొమ్మను ఎలా నమ్మాలి అంటారా? అతిగా పదును పెడితే గ్రహం అంచున లేని గీత పుడుతుంది, సందేహం అక్కర్లేదు. అందుకే బొమ్మ కింద తేదీ, నిమిషంతో సహా సమయం ఉండాలి. అదే రాత్రి వేరే ఊళ్లో తీసిన బొమ్మలో అదే మచ్చ అదే రేఖాంశంలో ఉంటే అది నిజం. సమయం రాయని బొమ్మ ఎంత అందంగా ఉన్నా గోడకే పనికొస్తుంది. 1874 డిసెంబరు 9న విశాఖపట్నంలో తమ సొంత అబ్జర్వేటరీ నుంచి అంకితం వెంకట నరసింగరావు శుక్ర సంక్రమణాన్ని చూసినప్పుడు కూడా లండన్ పండితులకు కావలసింది ఆ దృశ్యం కాదు, గడియారం చూసి వేసుకున్న ఆ క్షణాల లెక్క.

చంద్రుడి సంగతికి ఇంత వాదన అక్కర్లేదు. చిన్న టెలిస్కోపు చాలు, ఐపీసు దగ్గర ఫోను పెట్టినా ఫొటో వస్తుంది. పున్నమికి మాత్రం చూడకండి, నీడలుండవు. శుక్ల షష్ఠి, సప్తమి రాత్రుల్లో దక్షిణపు అంచున మాంజినస్ అనే పెద్ద గుంట తేలుతుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది ఆ చుట్టుపక్కలే. ఆ దిగడాన్ని నడిపిన ఇస్రో కేంద్రం ఈ ఊళ్లోనే పీణ్యలో ఉంది. పీణ్య వాళ్లు కూడా ఆ గుంటను డాబా ఎక్కి చూడొచ్చు, అపార్ట్‌మెంటు అసోసియేషన్ తలుపు తీస్తే. బెంగళూరులో గ్రహాలు చూడాలనుకునేవాళ్లకు గట్టి అడ్డంకి వీధిదీపం కాదు, ఆ తాళమే. భద్రత అంటారు. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు, డాబా మీద పిట్టగోడలు పొట్టివి. అయినా నెలకు నాలుగు రాత్రులు, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, పెద్దవాళ్లు ఒకరు తోడుంటారన్న షరతు మీద తాళంచెవి ఇవ్వడానికి ఒక్క జనరల్ బాడీ తీర్మానం సరిపోతుంది.