ప్రయోగశాలయు, పేటెంటు హక్కును

నూతన యంత్రమును కనిపెట్టినవాడు దాని నిర్మాణ రహస్యమును లోకమునకు వెల్లడింపవలెను. అందులకు ప్రతిఫలముగా ప్రభుత్వము అతనికి కొంతకాలము ప్రత్యేక హక్కు నొసగును. ఇదియే పేటెంటు. మన దేశమున దీని గడువు దరఖాస్తు చేసిన దినము మొదలు 20 సంవత్సరములు. గడువు తీరువరకు ఆ యంత్రము నెవరును పరీక్షించి చూడరాదన్నచో, వెల్లడించుటవలన విజ్ఞానమునకు కలుగు లాభమేమి?

ఈ చిక్కును అమెరికాలో న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ 1813లోనే గుర్తించెను. శాస్త్రీయ ప్రయోగమునకు గాని, చెప్పిన ఫలితము నిచ్చునో లేదో తెలిసికొనుటకు గాని యంత్రమును నిర్మించినవానిని శిక్షించుట శాసనకర్తల ఉద్దేశము కాజాలదని ఆయన అభిప్రాయము.

కాలక్రమమున ఈ మినహాయింపు కుంచించుకొనిపోయినది. జాన్ మేడీ అను భౌతికశాస్త్రజ్ఞునకు, స్వేచ్ఛా ఎలక్ట్రానులతో పనిచేయు లేజరు పరికరములపై పేటెంట్లుండెను. ఆయన డ్యూక్ విశ్వవిద్యాలయమును విడిచిన పిమ్మటను అచ్చట వాని వాడుక సాగినందున వ్యాజ్యము తెచ్చెను. పరిశోధనయు, బోధనయు విశ్వవిద్యాలయముయొక్క వ్యవహారమే గనుక, లాభాపేక్ష లేకున్నను, దానిని సాగించు ప్రయోగములకు మినహాయింపు వర్తింపదని 2002లో అప్పీలు న్యాయస్థానము తేల్చినది. వినోదము, ఉబుసుపోని కుతూహలము, కేవల తాత్త్విక జిజ్ఞాస - ఇవి మాత్రమే మిగిలినవి.

ఈ తీర్పున సత్యాంశము లేకపోలేదు. పరిశోధనకే పనికివచ్చు పరికరమును కొనువారు ప్రయోగశాలలవారే. వారందరును ఉచితముగా వాడుకొన్నచో, కనిపెట్టినవానికి దక్కునదేమి? అయినను కొలబద్ద సరియైనది కాదు. ప్రయోగించువా డెవడని గాక, ఆ వస్తువుతో ఏమి చేయుచున్నాడని అడుగవలసియుండెను. క్రొత్త సూక్ష్మదర్శిని యొకటి యున్నదనుకొందము. అది చెప్పినంత పెద్దదిగా చూపునా, లోప మెచ్చట, సవరించు టెట్లు అని పరీక్షించుట యొకటి. దానితో దినదినము రక్తకణములను చూచుట వేరొకటి. మొదటిది వస్తువును గూర్చిన జ్ఞానమును పెంచును. రెండవది వస్తువును వాడుకొనుట. స్టోరీ కాపాడదలచిన పరీక్షను సైతము ఈ తీర్పు రెండవదానితో ఒకే గాట కట్టినది. ఉబుసుపోకకు రక్షణ, శ్రద్ధగల పరిశోధనకు నిషేధము! ఇది విపరీతము కాదా?

మన 1970 నాటి పేటెంట్ల చట్టము ఇంతకన్న ఉదారమైనది. కేవలము ప్రయోగమునకు, పరిశోధనకు, విద్యార్థులకు బోధించుటకు పేటెంటు గల వస్తువును ఎవరైనను చేయవచ్చును, వాడవచ్చును అని దాని 47వ సెక్షను చెప్పుచున్నది. తరగతిలో ఉపాధ్యాయుడు అట్టి యంత్రమును చేసి చూపుట హక్కునకు భంగము కాదు. అయితే 'కేవలము' అను మాటకు హద్దు ఎచ్చటనో చట్టము వివరింపలేదు. ఆ హద్దును గీయునపుడు సూక్ష్మదర్శినిపై చేయు పరీక్షకును, సూక్ష్మదర్శినితో చేయు పనికిని గల భేదమును మరువరాదు.