మన్యం కథలో కర్త ఎవరు?

పాలకొల్లుకు భీమవరం ఎంతో దూరం లేదు. 2022 జులై 4న అక్కడ అల్లూరి సీతారామరాజు 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. ఆ ఏడాదే ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఆయన పేరుతో జిల్లా కూడా ఏర్పడింది. రాజుగారి పూర్వీకుల ఊరు మోగల్లు ఈ పక్కనే కాబట్టి డెల్టా జనం సంబరపడడంలో తప్పేమీ లేదు. ఆయన త్యాగంతో నాకూ పేచీ లేదు. నా పేచీ అంతా ఆ కథ చెప్పే వాక్యంతోనే.

తెలుగు వాచకం చెప్పే ఉపాధ్యాయులకు ఒక చిన్న పని చెబుతాను. మన్యం తిరుగుబాటు గురించి జయంతి వ్యాసాల్లో, వక్తృత్వ పోటీల్లో పిల్లలు బట్టీపట్టి చెప్పే ప్రసంగాల్లో వచ్చే వాక్యాలు నల్లబల్ల మీద రాయండి. కర్త కింద గీత గీయమనండి. రాజు గిరిజనులను మేల్కొలిపాడు. రాజు గిరిజనులను కూడగట్టాడు. రాజు గిరిజనులకు యుద్ధవిద్య నేర్పాడు. ఎక్కడ చూసినా మనం 'ను' దగ్గరో 'కు' దగ్గరో ఆగిపోతాం. ప్రథమా విభక్తిలోకి రానే రాము. అడవిలో ఏ కాలిబాట ఎటు పోతుందో కూడా మనకు ఇంకొకరే చూపించినట్టుంటుంది.

జరిగింది చూద్దాం. రాజు పుట్టింది 1897లో. అంతకు 18 ఏళ్ళ ముందే, 1879లో, రంప ప్రాంతం భగ్గుమంది. కల్లుగీత మీద వేసిన చిగురుపన్ను, మున్సబుదారు దోపిడీ, పోలీసుల ఆగడాలు, కోర్టుల్లో షావుకార్ల దావాలు, ఇవన్నీ కలిసి జనాన్ని తిరగబడేట్టు చేశాయి. కారం తమ్మన్నదొర ముందు నడిచాడు. 1880లో ఆయన్ని చంపేదాకా సర్కారుకు నిద్రలేదు. మైదానం నుంచి వచ్చి ఆయన్ని మేల్కొలిపినవాళ్ళెవరూ లేరు. ఈ తిరుగుబాట్లను రికార్డుల్లో 'పితూరీ' అని రాసుకున్నది అధికారులు. ఆ మాటనే మనమూ వాడుతున్నాం. వాడితే వాడాం, కానీ అది ఎవరి నోటి నుంచి వచ్చిన మాటో పిల్లలకు చెప్పాలి.

ఇక 1922. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను పట్టుకుని తుపాకులు తీసుకున్నారు. రాజవొమ్మంగి స్టేషన్లో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించారు. ఈ వీరయ్యదొర ఎవరు? అంతకు ముందే లాగరాయి పితూరీ నడిపినవాడు. అంటే రాజు అతనికి పోరాటం నేర్పలేదు, పోరాడి పట్టుబడినవాణ్ణి వచ్చి విడిపించాడు. ఈ రెండూ ఒకటి కాదు.

బట్టిపనుకుల అన్నదమ్ములు గాం గంటందొర, గాం మల్లుదొరల సంగతీ అంతే. రోడ్డు పనికి జనాన్ని గొడ్లలా తోలిన బాస్టియన్ అనే అధికారితో వాళ్ళకు సొంత తగాదా ఉంది. రాజు దగ్గరికి వాళ్ళు కోపంతో వచ్చారు, భక్తితో మాత్రమే కాదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 'దొర' అంటే మైదానం పిల్లలకు తెల్లవాడో, భూస్వామో గుర్తొస్తాడు. మన్యంలో అది మనవాళ్ళ పేరులోని మాట. ఆ ఒక్క మాట విప్పి చెప్పకపోతే, గంటందొర ఏ పక్షాన ఉన్నాడో కూడా పిల్లలకు బోధపడదు.

1924 మే 7న రాజును కాల్చి చంపారు. చాలా పుస్తకాల్లో కథ అక్కడితో సరి. కానీ గంటందొర ఆ తర్వాత కూడా అడవిలోనే ఉన్నాడు, మరుసటి నెలలో చనిపోయాడు. మల్లుదొర 1923లోనే పట్టుబడి అండమాన్ జైలు చూశాడు.

1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' సినిమాలో ఈ అన్నదమ్ములు ఉన్నారు. నిజం చెప్పాలంటే పాఠాలకన్నా ఆ సినిమాయే వాళ్ళ పేర్లను ఎక్కువమందికి వినిపించింది. కానీ హాలు బయటికొచ్చాక గుర్తుండేది కృష్ణ ఒక్కడే. అది నటుడి తప్పు కాదు, కథను అలా అల్లారు. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' దగ్గర మాత్రం నాకు కష్టం కలిగింది. కల్పన అని ముందే చెప్పారు, ఒప్పుకుంటాను. కొమురం భీం, రామరాజు కలవడం మంచి ఊహే. కానీ ఆఖర్లో నీకేం కావాలి అని రాముడు అడిగితే, భీం చదువు చెప్పమంటాడు. ఊరు విడిచి తిరిగిన కాలంలోనే భీం చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన కథ చెప్పేవాళ్ళంతా చెబుతారు. పన్నెండు గూడేల మీద హక్కు కోసం నిజాంతో తలపడి, 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన మనిషి ఆయన. కల్పనకు స్వేచ్ఛ ఉంది, సరే. ఆ స్వేచ్ఛ ప్రతిసారీ మనల్ని కింది మెట్టు మీదే కూర్చోబెడుతుందెందుకు?

నాయకుడి పేరే నిలుస్తుంది, అది లోకరీతి అనేవాళ్ళున్నారు. రాజుకు చదువు, ఎత్తుగడ ఉన్నాయి, కాదనను. కానీ మలబారు పోలీసులనూ, అస్సాం రైఫిల్స్‌నూ దించినా దాదాపు రెండేళ్ళు ఆయన దొరకలేదంటే, అన్నం పెట్టి నోరు మూసుకున్న గూడేలు ఎన్ని ఉండాలి! ఆ మౌనం ఎత్తుగడ కాదా?

అమెరికా నల్లజాతివాళ్ళు ఈ బాధ మనకన్నా ముందే పడ్డారు. కార్టర్ వుడ్సన్ బానిసలుగా బతికిన తల్లిదండ్రుల బిడ్డ. బొగ్గు గనిలో పనిచేసి, తర్వాత బడిపంతులై, హార్వర్డ్‌లో డాక్టరేట్ పొందాడు. తన జాతి పిల్లల చదువులో తన జాతే లేదని చూసి, 1926 ఫిబ్రవరిలో నీగ్రో చరిత్ర వారం మొదలుపెట్టాడు. తర్వాత అదే నెలరోజుల పండుగైంది. పంతుళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

అక్కడి నుంచే ఇంకో సంగతి కూడా నేర్చుకోవాలి. మాంట్‌గోమరీ బస్సులో సీటు వదలనన్న రోసా పార్క్స్ పేరు లోకమంతా తెలుసు. అది 1955 డిసెంబరు 1. అదే ఊళ్ళో అంతకు తొమ్మిది నెలల ముందే క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ళ బడిపిల్ల సీటు వదలక అరెస్టయింది. బస్సుల్లో వేర్పాటును కొట్టేసిన కేసులో కోర్టుకెక్కిన నలుగురు ఆడవాళ్ళలో ఆమె ఒకరు. పార్క్స్ ఆ నలుగురిలో లేరు. అయినా ఉద్యమ పెద్దలు ఆ పిల్లను ముందు నిలబెట్టలేదు. మరుగున పెట్టింది తెల్లవాళ్ళొక్కరే కాదు.

మన పుస్తకాల్లోనూ ఈ జబ్బు ఉంది. తమ్మన్నదొర, గంటందొర, వీరయ్యదొర అని మనం లెక్కపెట్టేవాళ్ళంతా పేరూ పెత్తనమూ ఉన్నవాళ్ళు, పోలీసు కాగితాల్లోకి ఎక్కినవాళ్ళు. గోకిరి ఎర్రేసు పేరు ఎంతమందికి తెలుసు? నర్సీపట్నం వైపు నుంచి కొండమీదికి రోడ్డు వేయడానికి వెట్టి కూలీగా రాళ్ళు మోసిన ఆడవాళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ రాయలేదు. వాళ్ళ కోసం మన ముసలమ్మల పాటలు, వంశాల కథలు వినాలి. రాజు విగ్రహం పక్కన గంటందొర విగ్రహం పెట్టమని అర్జీ రాయడం తేలిక. నేనూ సంతకం పెడతాను. కానీ ఆ అర్జీతో ఈ పని పూర్తికాదు.

మల్లుదొర సంగతి ఇంకొంచెం మిగిలింది. అండమాన్ నుంచి తిరిగొచ్చిన ఆ మనిషి 1952లో, మన దేశపు మొదటి సాధారణ ఎన్నికల్లో, విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి లోక్‌సభలో కూర్చున్నాడు. సర్కారు మీద తుపాకి పట్టినవాడు సర్కారును నిలదీసే సభకు వెళ్ళాడు. తిరుగుబాటు కథను 1924లో ముగించేస్తే ఈ మిగతా జీవితమంతా పోతుంది. లోక్‌సభ చర్చల సంపుటాలు అచ్చులో ఉన్నాయి. అందులో ఆయన పేరు ఎక్కడెక్కడ వస్తుందో వెతికి, తెలుగులో రాసి పెట్టడం మన డిగ్రీ పిల్లలు ఈ వేసవి సెలవుల్లోనే చెయ్యగల పని.