ఫార్మాట్ అనని మెకానిక్

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లోనే తెలుగు కుటుంబాలు ఇక్కడికి పని కోసం వచ్చాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం. చక్రాన్ని సుత్తితో తట్టి, మోతను బట్టి పగులు పట్టే విద్య రైల్వేవాళ్లకు కొత్త కాదు. ఇక్కడి కంప్యూటర్ మెకానిక్‌దీ అదే వరస.

డెస్క్‌టాప్ మీద ఫోల్డర్‌ను ఎంత నొక్కినా తెరుచుకోదు. పెళ్లి ఫొటోలన్నీ పోయాయని మన గుండె జారిపోతుంది. అతను మాత్రం తాపీగా అడుగుతాడు: "నిన్నటిదాకా బాగుందా సార్? కొత్తగా ఏమైనా ఎక్కించారా?"

తలుపు బిగుసుకుంటే ఇల్లు కూలినట్టు కాదని అతనికి తెలుసు. విండోస్‌లో డెస్క్‌టాప్‌నూ ఫోల్డర్లనూ చూపించేది ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రామ్. అది మొరాయిస్తే టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి రీస్టార్ట్ చేస్తాడు. లొంగకపోతే, విండోస్‌ను కనీస అవసరాలతోనే నడిపే సేఫ్ మోడ్. అక్కడ తెరుచుకుంటే, బయటి నుంచి వచ్చి చేరిన ప్రోగ్రామ్ మీదే అనుమానం. అక్కడా మొండికేస్తే కొత్త యూజర్ ఖాతా తెరిచి చూస్తాడు. ఆపైన సిస్టమ్ ఫైళ్ల తనిఖీ. హార్డ్ డిస్క్ మీదే అనుమానం వస్తే మిగతావన్నీ ఆపి, ముందు మన ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి ఎక్కిస్తాడు.

"ఫార్మాట్ కొట్టేద్దాం" అనడం ఎవరికైనా తేలికే. ఆ మాటను చివరిదాకా నోట రానివ్వనివాడే అసలైన పనివాడు. అలాంటివాడు దొరికితే కూలి దగ్గర బేరమాడకండి.