శాపానికి ముందే వేసిన బీజం

కల్పిత కథలో జరిగే ప్రతి ముఖ్య సంఘటనకూ ఆ కథలోనే ఒక కారణం ఉండాలని, ఆ కారణం సంఘటన కంటే ముందే ఏదో ఒక రూపంలో పాఠకుడి కంట పడి ఉండాలని కోరే నియమాన్ని కథాతర్కం అనవచ్చు. లోకంలో ఏది సాధ్యం, ఏది అసాధ్యం అన్న విచారణతో దీనికి సంబంధం లేదు. జంతువులు మాట్లాడే పంచతంత్రంలోనూ, శవంలో దూరిన బేతాళుడు రాజుకు చిక్కుప్రశ్నలు వేసే కథల్లోనూ కథాతర్కం చెక్కుచెదరకుండా ఉంటుంది. పత్రికలో వచ్చిన వార్తను యథాతథంగా దించిన కథలో అది బొత్తిగా లోపించనూ వచ్చు. సాధ్యమే అయినా నమ్మశక్యం కానిదాని కంటే, అసాధ్యమైనా నమ్మదగినదే కవికి మేలని క్రీస్తుపూర్వం 4వ శతాబ్దిలో అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో చెప్పింది ఇందుకే. ఒకదాని తరువాత ఒకటి జరగడం వేరు, ఒకదాని వల్ల ఒకటి జరగడం వేరు అని ఆయన చూపిన తేడా నేటి కథకులకూ మొదటి పాఠంగా ఉండదగినది.

ఇంతవరకు చెప్పడం సులువే. అయితే ఒక గొప్ప రచయిత పాత కథను చేతికి తీసుకుని దాని తర్కాన్ని ఎలా పునర్నిర్మించాడో గమనించినప్పుడే ఈ నియమం బలం తెలుస్తుంది. అందుకు కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలాన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం. ఆయన తీసుకున్న మూలకథ మహాభారతం ఆదిపర్వంలో ఉంది, దాన్ని నన్నయ 11వ శతాబ్దిలో తెలుగు చేశాడు, కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివే వీలు ప్రతి తెలుగు పాఠకుడికీ ఉంది.

భారతకథలో దుష్యంతుడికి మరపు అన్నది లేదు. కొడుకును వెంటబెట్టుకుని సభకు వచ్చిన శకుంతల ఎవరో అతనికి బాగా తెలుసు, తెలిసీ ఎరుగనంటాడు. ఆకాశవాణి సాక్ష్యం పలికిన తరువాత, కేవలం ఆమె మాట మీద స్వీకరించి ఉంటే లోకులు శంకించేవారని, అందుకే అలా నటించానని సభ్యులకు చెప్పుకుంటాడు. రాజధర్మాన్ని, వంశ పరంపరను ప్రధానంగా చెప్పే ఇతిహాసంలో ఈ సమాధానం తన మేరకు సరిపోతుంది. ప్రేమకథను శృంగార రసం ప్రధానంగా నాటకం చేయదలచినవాడికి మాత్రం ఇది పెద్ద చిక్కు, ఎందుకంటే మొదటి మూడు అంకాల్లో ప్రేక్షకుడు మనసిచ్చిన నాయకుడు అయిదో అంకంలో తెలిసి తెలిసి అబద్ధమాడితే, అటు తరువాత ఏ ఆకాశవాణి వచ్చినా ఆ మనసు తిరిగి రాదు. ఇతిహాసం నుంచి కథను తీసుకున్న కవి, రసానికి పొసగని భాగాన్ని విడిచిపెట్టి, తగిన కథను ఊహించి అయినా చేర్చవచ్చునని 9వ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో అనుమతించాడు. రసభంగానికి అనౌచిత్యమే, అంటే పాత్రకూ సందర్భానికీ తగనిదాన్ని చెప్పడమే, అసలు కారణమన్నది ఆయన సిద్ధాంతం. కాళిదాసు ఆ పనిని అంతకు కొన్ని శతాబ్దాల ముందే చేసి చూపించాడు.

నాయకుడు అబద్ధికుడు కాకుండా నాయికను నిరాకరించాలంటే అతడు ఆమెను మరచిపోవాలి. మరవడానికి కారణం కావాలి కాబట్టి దుర్వాసుడి శాపం వచ్చింది. సాధారణ రచయిత ఇక్కడితో తృప్తిపడి ఉండేవాడు. ఎక్కడినుంచో ఒక కోపిష్ఠి ముని వచ్చి శపించాడంటే పురాణాలు ఎరిగిన ప్రేక్షకులు కాదనరు. కాళిదాసు మాత్రం శాపానికీ కారణం వెతికాడు. మొదటి అంకంలో, రాజు ఇంకా ఆశ్రమంలో అడుగు పెట్టకముందే, వైఖానసుడనే తపస్వి అతనితో మాట్లాడుతూ కణ్వమహర్షి సోమతీర్థానికి వెళ్లాడని, వెళ్తూ అతిథి సత్కారాన్ని శకుంతలకు అప్పగించాడని చెబుతాడు. ఆమెకు ప్రతికూలంగా ఉన్న దైవాన్ని శాంతింపజేయడానికే ఆ ప్రయాణమని కూడా అదే వాక్యంలో ఉంటుంది. మొదటిసారి వినేవారికి అది కేవలం సమాచారం. నాలుగో అంకంలో దుష్యంతుడి తలపులో మునిగిన శకుంతల వాకిట నిలిచిన అతిథి పిలుపు వినిపించుకోనప్పుడు ఆ పాత వాక్యం బరువు తెలుస్తుంది: ఆమె తప్పింది తనకు అప్పగించిన ఆ ఒక్క పనినే. ఎవరిని తలచుకుంటూ అతిథిని మరచిందో అతడే ఆమెను మరచిపోవాలన్న శాపం ఆ తప్పుకు సరిగ్గా అతికినట్టు ఉంటుంది. చిన్నదిగా నాటబడి, కథతో పాటు విస్తరించి, చివరకు ఫలంగా ముగిసేదాన్ని నాట్యశాస్త్రం బీజమని పిలిచింది. ఒక్క వాక్యంలో ఇంత బలమైన బీజాన్ని నాటిన సందర్భాలు ప్రపంచ సాహిత్యంలోనే తక్కువ అనడం అతిశయోక్తి కాబోదు.

శాపం వచ్చాక మరో ప్రశ్న లేస్తుంది: ఆ సంగతి ఎవరెవరికి తెలియాలి? కథాతర్కంలో రచయితలు తరచు ఏమరుపాటుగా వదిలేసే భాగం ఇదే. శకుంతలకు శాపం గురించి తెలిస్తే రాజు గుర్తుగా ఇచ్చిన ఉంగరాన్ని ప్రాణంలా కాపాడుకుంటుంది, కథ అక్కడే ఆగిపోతుంది. ఎవరికీ తెలియకపోతే గుర్తుగా ఇచ్చిన ఆభరణం చూసినప్పుడు శాపం తీరుతుందన్న విమోచనానికి సాక్షులుండరు. అందుకే ఆ మాటలు చెలికత్తెలు అనసూయా ప్రియంవదల చెవిన మాత్రమే పడతాయి. సుకుమారి అయిన చెలిని బాధపెట్టడం ఇష్టం లేక వారు దాచిపెడతారు, అది వారి స్వభావానికి తగిన పనే. అయినా పూర్తిగా మౌనంగా ఉండలేక, అత్తవారింటికి పంపే వేళ, రాజు గుర్తుపట్టడంలో ఆలస్యం చేస్తే ఉంగరం చూపమని మాత్రం అంటారు. ఆ మాటకే శకుంతల గుండె ఝల్లుమంటుంది.

ఇంతకంటే సూక్ష్మమైన చిక్కు విదూషకుడి వల్ల వస్తుంది. రాజు ప్రేమను రెండో అంకంలోనే విన్న మాధవ్యుడు శాపానికి గురికాలేదు. అతడు అయిదో అంకంలో సభలో ఉండి ఒక్క మాట గుర్తు చేస్తే ఏమవుతుంది? ఆ ప్రశ్న ప్రేక్షకుడికి తట్టకముందే కాళిదాసు రెండు తలుపులు మూశాడు. రెండో అంకం చివర అతణ్ణి రాజధానికి పంపుతూ, వాడి చపలత్వం వల్ల ఈ సంగతి అంతఃపురానికి చేరుతుందన్న భయంతో, శకుంతల గురించి అన్నదంతా పరిహాసమేనని రాజు చెబుతాడు. అయిదో అంకం ఆరంభంలో అంతఃపుర స్త్రీ హంసపదిక పాట విని, ఆమెను అనునయించి రమ్మని అతణ్ణి అవతలికి పంపేస్తాడు. ఆరో అంకంలో జ్ఞాపకం తిరిగొచ్చిన రాజు, నువ్వైనా ఎందుకు గుర్తు చేయలేదని నిలదీసినప్పుడు, అదంతా పరిహాసమని మీరే అన్నారు కదా అని మాధవ్యుడు జవాబిస్తాడు. ఇన్ని అంకాల దూరంలో ఇంత చిన్న ముడిని గుర్తుపెట్టుకుని విప్పడం శిల్ప నైపుణ్యం మాత్రమే కాదు, అది ప్రేక్షకుడి తెలివి మీద ఉంచిన గౌరవం. పైగా ఆ హంసపదిక పాట వినగానే రాజుకు ఎవరినో ఎడబాసినట్టు కారణం తెలియని బెంగ కలుగుతుంది. మరికాసేపట్లో శకుంతలను కాదనబోయేవాడు నటించడం లేదని ప్రేక్షకుడికి నమ్మకం కుదిరేది ఆ బెంగ వల్లనే.

ఉంగరం సంగతీ అంతే. దాన్ని నాలుగో అంకంలో అవసరం పడ్డాక తెచ్చిపెట్టలేదు. మొక్కలకు నీళ్లు పోసే విషయంలో చెలికి శకుంతల పడ్డ బాకీ తీర్చడానికని మొదటి అంకంలోనే రాజు తన ఉంగరం ఇవ్వబోతాడు, చెలికత్తెలు దాని మీది పేరు చదివి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. శకుంతల పోగొట్టుకున్న ఆ ఉంగరం మళ్లీ జాలరికి చేప కడుపులో దొరకడం శుద్ధ కాకతాళీయమే. ఆ కాకతాళీయాన్ని కాళిదాసు వాడుకున్న తీరు మాత్రం గమనించదగ్గది. ఉంగరం దొరకడంతో కష్టం తీరదు; రాజుకు జ్ఞాపకం వస్తుంది, శకుంతల మాత్రం అందనంత దూరంలో ఉంటుంది, కాబట్టి అప్పటివరకూ లేని పశ్చాత్తాపం అప్పుడు మొదలవుతుంది. పాత్రను కష్టంలోకి నెట్టే కాకతాళీయాన్ని పాఠకుడు సహిస్తాడు, కష్టం నుంచి ఊరికే బయటపడేసేదాన్ని సహించడు. మీడియా అనే గ్రీకు నాటకం చివర నాయికను సూర్యుని రథం ఎక్కించి పంపేయడాన్ని అరిస్టాటిల్ తప్పుపట్టింది కూడా ముగింపు కథలోంచే పుట్టాలన్న పట్టుదలతోనే.

ఇంత కట్టుదిట్టమైన నిర్మాణంలోనూ ఒక వదులు ఉంది. తపఃప్రభావం వల్ల కణ్వుడికి అన్నీ ప్రత్యక్షమేనని ఏడో అంకంలో మారీచ మహర్షి అంటాడు. అలాగైతే నాలుగో అంకంలో ఆయన కూతుర్ని ఎందుకు హెచ్చరించలేదన్న సందేహం రాకపోదు. కణ్వుడు కూతుర్ని సాగనంపే ఘట్టంలోని ఆర్ద్రత ఆ సందేహాన్ని చాలామందికి తట్టనివ్వదు, కానీ తట్టినవారిది తప్పని కూడా అనలేము.

తెలుగు కవుల్లో ఈ దృష్టి లేకపోలేదు. 15వ శతాబ్దిలో శృంగార శాకుంతలం రాసిన పిల్లలమర్రి పినవీరభద్రుడు భారతకథనూ నాటకాన్నీ కలుపుకున్నా శాపాన్నీ ఉంగరాన్నీ వదులుకోలేదు. 16వ శతాబ్దిలో పింగళి సూరన కళాపూర్ణోదయంలో, నలకూబరుణ్ణి కోరిన కలభాషిణిని రంభ రూపంలోనూ, మణికంధరుణ్ణి నలకూబరుని రూపంలోనూ ఎదురుపడేలా చేసి, ఒకరి మాయను ఒకరు ఎరుగని ఆ సమాగమం నుంచి తక్కిన కథను అల్లుకుంటూ పోయాడు. అక్కడ వరాలకూ శాపాలకూ కొదవలేదు. వాటి ఫలితాల నుంచి మాత్రం ఏ పాత్రా తప్పించుకోలేదు. 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారంలో కట్టమంచి రామలింగారెడ్డి వర్ణనల కంటే కథా నిర్మాణానికి పెద్దపీట వేసి సూరనను పరిశీలించడం తెలుగు విమర్శలో ఒక మలుపు, ఆ దారిలో తరువాతి విమర్శ తగినంత దూరం నడవకపోవడం మాత్రం విచారకరం.

నేటి కథల్లో ఈ లోపం ఎక్కువగా ముగింపుల్లో కనిపిస్తుంది. మొండి తండ్రికి గుండెపోటు వచ్చి మనసు మారడం, అడ్డుగా ఉన్న భర్త రోడ్డు ప్రమాదంలో పోవడం, అప్పుల్లో మునిగినవాడికి ఏనాడో మరచిన పొలానికి ధర పలకడం వంటివి రచయిత అలసటను తెలుపుతాయే తప్ప పాత్రల జీవితాన్ని కాదు. ప్రతి జేబులోనూ సెల్‌ఫోన్ ఉన్న కాలంలో ఒక్క ఫోన్‌తో తొలగిపోయే అపార్థం మీద ఇరవై పేజీల కథ నిలబెట్టేవారు, ఆ ఫోన్ ఎందుకు చేయలేదో ఒక్క వాక్యంలోనైనా చెప్పరు. ప్రశ్నిస్తే, ఇది నిజంగానే జరిగిందన్న సమాధానం వస్తుంది. జీవితానికి తనను తాను సమర్థించుకోవలసిన అవసరం లేదు, జరిగిపోవడమే దానికి చాలు; కథకు ఆ వెసులుబాటు లేదు. నిజంగా జరిగిన ఘటనే అయినా దానికి కారణాలను కథలో కట్టవలసిన బాధ్యత రచయితదే, ఎందుకంటే పాఠకుడి దగ్గర ఉన్నది కాగితం మీది మాటలు మాత్రమే.

తర్కం పట్టించుకుంటే సహజత్వం పోతుందని, కథ లెక్కల పుస్తకంలా తయారవుతుందని కొందరి భయం. శాకుంతలంలో ఇన్ని ముడులున్నాయని చదివేటప్పుడు ఎవరికీ అనిపించదన్నదే ఆ భయానికి సమాధానం. తొలి ప్రతిని మనసు పోయినట్టు రాసుకోవడంలో నష్టం లేదు. తర్కాన్ని సరిచూసుకోవలసింది తిరగరాసేటప్పుడు. ముగింపు దగ్గర మొదలుపెట్టి, ఇది ఎందుకు జరిగింది, ఇది ఎవరికి తెలుసు, తెలిసినవారు ఎందుకు మాట్లాడలేదు అని అడుగుతూ వెనక్కి నడిస్తే, ఎక్కడ వాక్యం తక్కువైందో ప్రతే చెబుతుంది. కథ రాయదలచినవారు శాకుంతలాన్ని ఒకసారి అలా ఏడో అంకం నుంచి మొదటి అంకానికి చదవాలి. కావ్యంగా ఎన్నిసార్లు చదివినా కనిపించని పనివాడితనం ఆ ఒక్కసారిలో కనిపిస్తుంది.