ఆలుచిప్ప సాక్ష్యము

నర్సీపట్నమునకు సముద్రము కానరాదు; అయినను ఈ ప్రాంతపు కొండలలో పుట్టి, మా పొలములను తడిపి, తుదకు బంగాళాఖాతమున లీనమగు వరాహనది మూలమున కడలి ఆరోగ్యముతో మాకును చుట్టరికము గలదు. అందుచేతనే విశాఖతీరమున రాళ్లను అంటిపెట్టుకొని బ్రతుకు పచ్చ ఆలుచిప్పను, దానిచే నిజము పలికించు పరీక్షకుని పనితనమును ప్రశంసింప బుద్ధి పుట్టినది.

ఆ జీవి చేపవలె పారిపోజాలదు. నీటిని వడగట్టి ఆహారము గ్రహించుచు, దానితోపాటు వచ్చిన సీసమును, కాడ్మియమును తన మాంసమున కూడబెట్టుకొనును. సీసాలో ముంచి తెచ్చిన నీరు ఆ క్షణపు సంగతియే తెలుపును. ఆలుచిప్ప మాసముల చరిత్రను తెలుపును. ఈ మర్మము గ్రహించియే 1975లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ ప్రపంచతీరములకు ఆలుచిప్పలనే కావలి యుంచవలెనని ప్రతిపాదించెను.

పరీక్షకుని నేర్పంతయు ఓర్పునందే యున్నది. ఒకే పరిమాణము గల చిప్పల నేరి, శుభ్రమైన సముద్రజలమున నుంచి కడుపులోని బురదను విడిపించి, మాంసము నారబెట్టి, నూరి, నత్రికామ్లమున కరగించి, పిమ్మటనే యంత్రమున లోహమును కొలుచును. చిన్నదానిని పెద్దదానితో కలిపినను, తుప్పుకత్తి తాకినను లెక్క తప్పును.

1956లో జపానునందలి మినమాటాలో, చేపలతోను గుల్లలతోను కడుపు నింపుకొన్న బెస్తకుటుంబములలో పాదరసవ్యాధి బయటపడెను. అట్టి వార్త మనుష్యదేహమున గాక ముందుగా చిప్పలోనే కనబడవలెనని రేయింబవళ్లు శ్రమించు ఆ అజ్ఞాతహస్తములకు నమస్కారము.