నిన్న కనబడలేదేం?

తెలతెలవారు వేళ అల్వాల్ చెరువుకట్ట మీదికి పోయినవారికి, విశ్రాంతోద్యోగులును, కంటోన్మెంటు సమీపమున నుండుటచే ఇచటనే స్థిరపడిన మాజీ సైనికులును, చెంగు నడుమున దోపుకొని బూట్లు తొడిగిన పెద్దమ్మలును నడచుచు కానవత్తురు. సంక్రాంతినాడు చూచిన ఆ ముఖములలో ఉగాదికి ఎన్ని నిలుచునన్నదే, ముదుసళ్లను వెంటబెట్టుకొని నడిపించుట వ్యసనముగా గల నాబోటివానికి అసలు చింత.

ప్రాచీనులు ఇచట మనకు పూర్తిగా తోడు రారు. వాగ్భటుడు అష్టాంగహృదయమున వ్యాయామమును శ్లాఘించియు, బలవంతుడైనను అర్ధశక్తితోనే చేయవలెనని చెప్పి, వృద్ధులు దానిని మానవలెననెను. నేటి వైద్యము ఆ తుదిమాటను త్రోసిపుచ్చినది. 65 ఏండ్లు దాటినవారికిని వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యమశ్రమయు, పడిపోకుండుటకై 3 దినములు కాళ్లకు బలమును, నిలుకడను ఇచ్చు అభ్యాసములును వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో నిర్దేశించెను. 70 నుండి 89 ఏండ్ల వయసుగల 1,635 మందితో అమెరికాలో జరిపి 2014లో ప్రకటించిన పరిశోధనలో, ఆరోగ్యపాఠములు విన్నవారికంటె క్రమముగా వ్యాయామము చేసినవారు తమ నడకను మిన్నగా కాపాడుకొనిరి.

ఐనను అర్ధశక్తి మాటను నేను విడువను. తొలినాటి ఉత్సాహమున కట్టపై నాలుగు చుట్లు తిరిగినవాడు మరునాడు మోకాళ్లు పట్టుకొని కూర్చుండును, ఆపై కొడుకు “ఈ వయసులో మీకెందుకు నాన్నా” అనును, కథ ముగియును. కావున మొదటి వారము, ఇంకొంత నడువగలననిపించునప్పుడే ఇంటికి మరలింతును. గడప దాటలేనివారికి వంటింటి గట్టే వ్యాయామశాల: స్టవ్వు మీద పాలు కాగునంతసేపు గట్టును రెండు చేతులతో పట్టుకొని మడమలెత్తి దించుట, పిమ్మట గోడకానించిన కుర్చీలోనుండి చేతులూనక లేచి మెల్లగా కూర్చుండుట. పాలు దినమూ కాగును గనుక పని మరపునకు రాదు.

వీనియన్నిటికంటె నేను నమ్మినది కట్టమీది పలకరింపు. “సుబేదార్ సాబ్, నిన్న కనబడలేదేం?” అని ఒకరు అడుగుదురన్న బిడియము చేయు పనిని వైద్యుని చీటీ చేయజాలదు, మనుమడు కొనియిచ్చిన చేతిగడియారము అడుగులు లెక్కించును గాని, రానివానిని అడుగదు.

కొడుకులారా, కోడండ్రారా, ఛాతీనొప్పియో తలతిరుగుటయో ఉన్నవారిని ముందుగా వైద్యునికి చూపుడు. తక్కినవారిని “కూర్చోండి” అనుట మాని, ఆదివారమొక్కటియైనను వెంట నడువుడు.