ట్రక్కు అడుగు: చెక్కా, ఇనుమా?

చెరకు సాగుకు, గోవాడ సహకార చక్కెర కర్మాగారానికి పేరుపొందిన చోడవరం ప్రాంతంలో ట్రాక్టరు ట్రక్కు చెరకుతో పాటు రోటవేటర్లు, దమ్ము చక్రాలు కూడా మోస్తుంది. ఆ బరువంతా నిలిచేది అడుగు మీదే.

నల్లమద్ది, గుగ్గిలం వంటి గట్టి కలప పలకలు దెబ్బను ఓర్చుకుంటాయి; ఇనుప చక్రం వాటిపై సులువుగా జారదు. ఒక పలక విరిగితే అదొక్కటే మార్చవచ్చు. అయితే తడి నిలిస్తే చివుకుతాయి, చెద పడుతుంది.

4 మి.మీ. ఇనుప రేకు చదరపు మీటరుకు సుమారు 31 కిలోలు తూగుతుంది. మట్టి, ఇసుక కారవు, ఊడ్చడం తేలిక. కానీ తడిస్తే జారుతుంది; చెరకు రసం, వాన నీరు తుప్పు పట్టిస్తాయి. గళ్ల రేకు జారుడును తగ్గిస్తుంది.

మోసే సరుకు, కింది అడ్డకమ్మీల ఎడం చూసి అడుగు నిర్ణయించేవాడే మంచి పనివాడు. యంత్రాలకు చెక్క, మట్టికి ఇనుము మేలు.